ఫేక్ న్యూస్ మీద బ్లాక్‌చెయిన్ ప్రాజెక్ట్: పనికొస్తుందా, పేరుకేనా?

గుంటూరు_బీటెక్:
అందరికీ నమస్తే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా బ్లాక్‌చెయిన్‌తో (చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే, ఎక్కించాక దిద్దలేని రికార్డు) ఫేక్ న్యూస్ పట్టుకోవడం అని ఇచ్చేశాం, గైడ్ గారు ఓకే కూడా అన్నారు. ఫోటో తీయగానే దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) ఆ చెయిన్‌లో పడుతుంది, తర్వాత ఎవరు మార్చినా హ్యాష్ కలవదు కాబట్టి దొరికిపోతారు, ఇదీ ఐడియా. తీరా మా వాడొకడు అదే ఫోటోని వాట్సాప్‌లో పంపించి చెక్ చేస్తే, ఎవరూ వేలు పెట్టకపోయినా 'ఫేక్' అని చూపించింది. పైగా వైవాలో ఎథిక్స్ కూడా అడుగుతారట. ఏం చేయమంటారు?

బెంజ్‌సర్కిల్_కోడర్:
వాట్సాప్ ఫోటోని కుదించి పంపుతుంది తమ్ముడూ. ఒక్క బిట్ తేడా వచ్చినా హ్యాష్ మొత్తం మారిపోతుంది, దాని పనే అది. పర్సెప్చువల్ హ్యాష్ కూడా పెట్టు, చూడ్డానికి ఒకేలా ఉన్న ఫోటోలకి దగ్గర దగ్గర విలువలు వస్తాయి, ఎంత దగ్గరుంటే ఒకటే అనుకోవాలో మీరే తేల్చుకోవాలి. ముందు ఆ 'ఫేక్' అనే మాట తీసేసి 'రికార్డులో లేదు' అని పెట్టు. హ్యాష్ కలిసిందంటే ఫైలు మారలేదని అర్థం, అంతవరకే, అందులో ఉన్నది నిజమని కాదు. అబద్ధాన్ని ఎక్కించినా అదీ అంతే పదిలంగా ఉంటుంది. అయితే పాత ఫోటో తెచ్చి ఇవాళ్టిదని తిప్పేవాళ్ళ దగ్గర మాత్రం ఇది బాగా పనిచేస్తుంది, మొదట ఎక్కిన తేదీ కనపడుతుంది కదా.

ఇటలీ వార్తా సంస్థ అన్సా 2020లో ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఇలాంటిదే పెట్టింది, వార్త తమదేనా కాదా అని పాఠకుడు చూసుకోడానికి. అడోబీ, మైక్రోసాఫ్ట్ లాంటివి కలిసి 2021లో మొదలుపెట్టిన సీ2పీఏకి (ఫోటో, వీడియో ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపే పద్ధతి) మాత్రం బ్లాక్‌చెయిన్ అక్కర్లేదు, డిజిటల్ సంతకాలతోనే నడుస్తుంది. కాబట్టి 'మామూలు డేటాబేస్ చాలదా' అని ఖాయంగా అడుగుతారు. ఒకరినొకరు నమ్మని నాలుగు పత్రికలు ఒకే రికార్డు వాడాలంటే తేదీలు దిద్దే వీలు ఏ ఒక్కరికీ ఉండకూడదు అని చెప్పు. అంతకంటే పెద్ద కారణం నాకైతే కనపళ్ళేదు.

బెజవాడ_రిపోర్టర్:
నేను న్యూస్ డెస్క్‌లో చేస్తాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద తగ్గుముఖం పట్టాక మా సందులో అందరి ఫోన్లకీ ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, మళ్ళీ గండి పడింది, మేడలెక్కండి అని. పక్కింటి పెద్దావిడ మోకాళ్ళ నొప్పులతోనే బియ్యం బస్తా ఈడ్చుకుంటూ మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ తెలీదు. దానికి అసలు ఫైలేదీ, దేంతో పోల్చి చూస్తారు మీరు? మా దగ్గరికొచ్చే పుకార్లలో చాలావరకు ఇలాంటివే, ఎడిట్ చేసిన ఫోటోలు తక్కువ. 2018లో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ కాకుండా చేసింది, 2020లో బాగా తిరిగిన మెసేజ్‌లకి దాన్ని ఒక్కదానికి తగ్గించింది. ఇలాంటి అడ్డుకట్టే మాకు ఎక్కువ అక్కరకొస్తుంది. అలాగని ప్రాజెక్ట్ మానేయమని కాదు బాబూ, ఫోటోల వరకే అని రిపోర్ట్‌లో రాసెయ్యండి.

అమరావతి_లాయర్:
ఎథిక్స్ అంటే నేను ముందు అడిగేది, ఎక్కించినదాన్ని తీసేయమని ఎవరైనా వస్తే ఏం చేస్తారని. 2023 నాటి డేటా రక్షణ చట్టంలో మన వివరాలు తొలగించమని కోరే హక్కు ఉంది, మీ చెయిన్‌లో తొలగించడమనేదే లేదు. అందుకని ఫోటోలు, పేర్లు బయటే ఉంచి హ్యాష్ ఒక్కటే లోపల పెట్టండి. ఫోన్ నంబర్ హ్యాష్ చేశాం కదా అని మాత్రం ధీమా పడొద్దు, పది అంకెలేగా, అన్నీ వరసపెట్టి ప్రయత్నిస్తే కాసేపట్లో బయటపడుతుంది. అక్రమ ఇసుక తవ్వకం ఫోటో తీసి పెట్టినవాడి గతేంటో ఆలోచించండి.

గుంటూరు_బీటెక్:
నంబర్ సంగతి మాకు తట్టనే లేదు సార్, లాగిన్ మొత్తం నంబర్ మీదే కట్టాం 😅 అది మారుస్తాం. రిపోర్టర్ గారూ, మీ డెస్క్‌కి వచ్చిన పాత వరద ఫోటోలు కొన్ని ఇస్తారా, టెస్టింగ్‌కి?

బెజవాడ_రిపోర్టర్:
మనుషుల ముఖాలు లేనివైతే ఇస్తాను. మెసేజ్ పెట్టండి.