ఊళ్లో వండిన బెల్లం వైజాగ్‌లో అమ్ముతున్నాం: బ్లాగు రాయాలా, వీడియోలా, వాట్సాప్ చాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

చోడవరం_చెరకు:

అందరికీ నమస్తే అండి. మాది చోడవరం దగ్గర ఊరు, నేను గాజువాకలో ఉంటూ ఉద్యోగం చేస్కుంటున్నాను. ఇంటి దగ్గర నాన్న, బాబాయ్ కలిసి నాలుగెకరాల చెరకు వేస్తారు, సొంత గానుగ, సొంత పెనం ఉన్నాయి. ఇన్నేళ్లూ దిమ్మలు కట్టి అనకాపల్లి మార్కెట్‌కి తోలీడమే, అక్కడ రంగు చూసి రేటు కడతారు కదా, పచ్చగా మెరిస్తే ఒక రేటు, నల్లగా ఉంటే ఇంకో రేటు. రెండేళ్ల నుంచీ నాన్న హైడ్రోస్ (బెల్లానికి రంగు తేవడానికి వంటలో వేసే రసాయనం) వెయ్యడం పూర్తిగా మానీసారు, మనం ఇంట్లో తినేదే జనానికి ఇవ్వాలి అని ఆయన పట్టుదల. బెల్లం రంగు మారింది, మార్కెట్‌లో రేటు దిగిపోయింది. అందుకే నేనే వైజాగ్‌లో ఇళ్లకి నేరుగా అమ్ముదామని మొదలెట్టాను, పోయిన సంక్రాంతికి మా ఆఫీసులోనూ అపార్ట్‌మెంట్‌లోనూ కలిపి ఒక మూడు క్వింటాళ్లు వెళ్లింది.

ఇప్పుడు ఇన్‌స్టాలో పేజీ పెట్టీసాను, ఫొటోలు బానే తీస్తున్నాను, లైకులు వస్తన్నాయి గానీ ఆర్డర్లు రావట్లేదు. లైకులు కొట్టేవాళ్లలో సగం మంది ఎక్కడివాళ్లో కూడా తెలీదు. మా టీమ్‌లో ఒకాయన బ్లాగు రాయి అంటారు, ఇంకొకాయన బ్లాగులు ఎవరూ చదవరు యూట్యూబ్ పెట్టు అంటారు. నాకు ఉద్యోగం పోను రోజుకి గంట టైమ్ దొరుకుతుంది అంతే, ఆ గంట దేనిమీద పెట్టాలి? నాన్న రెండేళ్లు నష్టానికి ఓర్చుకుని చేస్తున్నారండి, ఆ బెల్లం సంగతి జనానికి సరిగ్గా చెప్పలేకపోతున్నాననే బాధ నాది.

ఎంవీపీ_వంటిల్లు:

బాబూ నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని, ఆ లెక్కలోనే చెప్తాను విను. మా ఎంవీపీ రైతుబజార్‌కి వెళ్తే ఎంత అని అడుగుతాం, రేటు చెప్తారు, చిన్న ముక్క నోట్లో వేసుకుని చూస్తాం, ఎక్కడిది అంటే ఊరు పేరు చెప్తారు, రెండు నిమిషాల్లో తేలిపోద్ది. అదే ఆన్‌లైన్ పేజీల్లో ఎక్కడా రేటు ఉండదు, రేటు కోసం మెసేజ్ పెట్టండి అని ఉంటుంది, పెడితే సాయంత్రానికి గానీ జవాబు రాదు, అప్పటికి మేం వీధి చివర కొట్లో కొనేసుకుంటాం. ముందు రేటు రాయి, ఎన్ని కేజీలు ఉన్నాయో రాయి, ఎప్పుడు వండారో రాయి, ఎప్పుడు ఇంటికొస్తుందో రాయి. పది పన్నెండు కేజీల దిమ్మ ఫొటో పెడితే చూడ్డానికి బావుంటుంది గానీ నలుగురున్న ఇంట్లో ఎవరు తీసుకుంటారు చెప్పు, అరకేజీ కేజీ అచ్చులు ఉన్నాయా లేవా అన్నది ఫొటో చూస్తే తెలియాలి.

ఇంకో సంగతి, మాకు బోలెడు అనుమానాలుంటాయి. నల్ల బెల్లం అంటే మాడిందా, పాతదా? అరిసెలకి పాకం ఉండకట్టుద్దా? పాలల్లో వేస్తే విరుగుతాయా? వానాకాలం నీరు కారకుండా ఎలా దాచాలి? నేను ఇవన్నీ ఫోన్‌లో తెలుగులోనే అడిగి వెతుకుతాను, ఎక్కడెక్కడివో వస్తాయి గానీ అనకాపల్లి బెల్లం వండే ఇంటివాళ్లు చెప్పింది ఒక్కటీ కనపడలేదు. మీ నాన్నగారికి ఇవన్నీ తెలిసే ఉంటాయి కదమ్మా. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తే నేనైతే చదువుతాను, మా అప్పకీ పంపుతాను.

పాడేరు_పసుపు:

పైన అమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ అండి. మేం పాడేరు, చింతపల్లి వైపు రైతుల దగ్గర పసుపు, రాజ్‌మా, కాఫీ, మిరియాలు తీసుకుని వైజాగ్‌లో అమ్ముతాం, మా గ్రూపులో ఈ రాసే పని నాది. మొదటి ఏడాది నేనూ మీలాగే రోజుకో ఫొటో పెట్టాను, చాలా కష్టపడ్డాను, ఫలితం అంతంతే. తర్వాత పద్ధతి మార్చాను, అదేటంటే ఫోన్‌లో కస్టమర్ ఏం అడిగితే అది ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలెట్టాను. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే దానిమీద బ్లాగులో ఒక పోస్టు రాసేదాన్ని. బ్లాగర్‌లో ఉచితమే, పైసా ఖర్చు లేదు. రెండేళ్లలో నేను రాసినవి పదకొండే పోస్టులు, అంతకన్నా లేవు. కొండ పసుపు రంగు ఎందుకు అలా ఉంటుంది, కొమ్ములు ఉడకబెట్టి ఎన్నాళ్లు ఎండబెడతారు, మరపట్టిస్తే ఎంత తరుగు పోద్ది, ఇలాంటివి. ఎవరైనా అడిగితే వాట్సాప్‌లో ఆ లింకు పంపుతాను, రోజుకి పదిసార్లు అదే టైప్ చెయ్యక్కర్లేదు. ఇన్‌స్టా పోస్టు రెండ్రోజుల్లో కిందకి పోద్ది, బ్లాగు పోస్టు మాత్రం వచ్చే ఏడాది పండగ ముందు ఎవరో గూగుల్‌లో వెతికితే మళ్లీ పైకి తేల్తుంది. బ్లాగులు ఎవరూ చదవరు అనేవాళ్లు రోజూ వచ్చి చదివేవాళ్ల గురించి చెప్తున్నారు, మనకి కావాల్సింది వాళ్లు కాదు, అనుమానం వచ్చిన రోజున వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

అమ్మకం జరిగేది మాత్రం వాట్సాప్‌లోనే. వాట్సాప్ బిజినెస్ వేసుకోండి, కేటలాగ్‌లో అరకేజీ, కేజీ, ఐదు కేజీలు విడివిడిగా ఫొటో రేటుతో పెట్టండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపేది) 256 మందే పడతారు, పైగా మీ నంబర్ వాళ్ల ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది, ఇది తెలీక మేం ఆర్నెల్లు గాల్లోకి మెసేజ్‌లు పంపాం. ఇప్పుడు ప్రతి ప్యాకెట్‌లో చిన్న చీటీ పెడతాం, ఈ నంబర్ సేవ్ చేసుకుంటే కొత్త పంట రాగానే కబురు చేస్తాం అని. గ్రూపులు పెట్టొద్దు, గుడ్‌మార్నింగ్‌లతో నిండిపోయి మన మెసేజ్ కనపడదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అరకు పేరు ఎక్కడ పడితే అక్కడ వాడేవాళ్లం మేం. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో జీఐ (ఆ ప్రాంతం పేరుకి చట్టపరమైన రక్షణ) గుర్తింపు వచ్చింది, ఆ పేరు పెట్టి అమ్మాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. తెలిసిన వెంటనే ప్యాకెట్ మీదా పోస్టుల్లోనూ ఏ ఊరి పంటో ఆ ఊరి పేరే రాయడం మొదలెట్టాం, నిజం చెప్పాలంటే జనం దాన్నే ఎక్కువ ఇష్టపడ్డారు.

కంచరపాలెం_సరుకు:

నాది వేరే మాట తమ్ముడూ. ఇళ్లకి కేజీ కేజీ అమ్మడం అంటే ఉద్యోగం చేసుకునేవాడికి తలకి మించిన పని, డెలివరీ తిరగడానికే ఆ గంట సరిపోదు. నేను పదిహేనేళ్లుగా స్వీట్ షాపులకీ క్యాటరింగ్ వాళ్లకీ సరుకు వేస్తున్నాను. వాళ్లకి కథలక్కర్లేదు, తెల్లారి ఆరున్నరలోపు రెండు లైన్ల మెసేజ్ కావాలి, ఈ రోజు ఎన్ని దిమ్మలు ఉన్నాయి, ఎప్పుడు వండింది, కేజీ ఎంత, బండి ఎన్నింటికి బయల్దేరుతుంది. దిమ్మ విరిచిన ఫొటో ఒకటి, పైపైన తీసింది కాదు, విరిస్తే లోపల గింజ కనపడాలి, చెమ్మ ఉందో లేదో మాకు దాంట్లోనే తెలుస్తుంది. వారంలో ఒక్కరోజు మెసేజ్ ఆలస్యమైనా వాళ్లు ఇంకొకళ్లకి ఫోన్ చేసీస్తారు. నా సలహా ఏటంటే సగం సరుకు ఇలా నలుగురు నికరమైన క్యాటరింగ్ వాళ్లకి కట్టీసుకుని మిగతాది ఇళ్లకి అమ్ముకో. అదీగాక గూగుల్ మ్యాప్‌లో పేరు పెట్టించు, ఫోన్ నంబర్, టైమింగ్స్, నాలుగు ఫొటోలు చాలు, గాజువాకలో బెల్లం అని కొట్టినవాడికి నువ్వు కనపడాలి.

ఆన్‌లైన్‌లో నంబర్ పెట్టాక పెద్ద ఆర్డర్ ఇస్తానని ఫోన్లు వస్తాయి, ఫలానా క్యాంటీన్ అంటాడు, రేటు కూడా బేరమాడడు, అడ్వాన్స్ పంపుతున్నా ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు అంటాడు. డబ్బు మనకి రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోద్ది. మా దగ్గరి కుర్రోడొకడు ఇలాగే పద్దెనిమిది వేలు పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఫోన్ ఎవరు ఎత్తుతారో, మీ అమ్మగారైనా సరే, ఈ సంగతి ముందే చెప్పి ఉంచు.

సీతమ్మధార_రిటైర్డ్:

నాయనా, నేను ఆహార పదార్థాల లేబుళ్ల వ్యవహారం చాలా ఏళ్లు చూసినవాణ్ని, నీ ఉత్సాహం బావుంది, రాసేటప్పుడు రెండు మూడు మాటల దగ్గర చెయ్యి ఆపుకోవాలి. మొదటిది ఆర్గానిక్. హైడ్రోస్ మానీసినంత మాత్రాన బెల్లం ఆర్గానిక్ అయిపోదు, పొలంలో యూరియా వేస్తే అది ఆర్గానిక్ కాదు. ఆ మాట రాసి అమ్మడానికి 2017 నుంచీ విడిగా నిబంధనలున్నాయి, ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ గానీ (ఆర్గానిక్ అని ధ్రువీకరించే ప్రభుత్వ పద్ధతులు) సర్టిఫికెట్ అడుగుతారు. నువ్వు చేసింది ఏదో అదే రాయి, వంటలో హైడ్రోస్ వెయ్యలేదు అని. రెండోది షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చు అని చాలా పేజీల్లో రాస్తున్నారు, అది తప్పు, ప్రమాదం కూడా. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే, రక్తంలో షుగర్ పెంచుతుంది. మీ మాట నమ్మి ఒక పెద్దావిడ రోజూ తింటే ఆ పాపం ఎవరిది?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు చేయించుకో, 14 అంకెల నంబర్ వస్తుంది, ప్యాకెట్ మీద అది, తయారుచేసినవాళ్ల పేరు చిరునామా, నికర బరువు, ఎమ్మార్పీ, ప్యాక్ చేసిన నెల సంవత్సరం, ఫిర్యాదుకి ఫోన్ నంబర్ ఉండాలి. హైడ్రోస్ వేస్తే బెల్లంలో మిగిలేది సల్ఫర్ డయాక్సైడ్, అది 70 పీపీఎం (పది లక్షల భాగాల్లో 70) దాటకూడదని ప్రమాణం ఉంది. గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో సీజన్‌కి ఒకసారి పరీక్ష చేయించి ఆ కాగితం ఫొటో తేదీతో సహా పెట్టు. రంగు నల్లగా ఎందుకుందని అడిగినవాళ్లకి పది పేరాల కన్నా ఆ ఒక్క కాగితం బలంగా చెప్తుంది. అనకాపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1913 నుంచీ ఉంది, చెరకు మీద వాళ్లకి తెలిసినంత చుట్టుపక్కల ఎవరికీ తెలీదు, ఒకసారి వెళ్లి మాట్లాడు. మీ పొలంలో ఏ రకం వేశారో కూడా రాయి, 87ఏ298 విశ్వామిత్ర వేస్తే ఆ పేరే రాయి, అది అక్కడే పుట్టిన రకం. ఇంత వివరంగా రాసినవాణ్ని చదివేవాడు నమ్ముతాడు.

చోడవరం_చెరకు:

అందరికీ చాలా థాంక్స్ అండి, రాత్రి రెండుసార్లు చదివాను. నా పేజీలో రేటు లేదు, తేదీ లేదు, ఇప్పుడే సరిచేశాను. ఆర్గానిక్ అన్న మాట మూడు పోస్టుల్లో రాశాను, మాకు యూరియా వేస్తారు, తీసీసాను. క్యాటరింగ్ వాళ్ల సంగతి నాకు తట్టలేదు అన్నా, మీరు చెప్పినట్టు ముందు ఇద్దరితో మాట్లాడతాను.

ఒక్క ఇబ్బంది ఉంది, నాన్న కెమెరా ముందు మాట్లాడరు. ఫోన్ ఎత్తితే పక్కకి వెళ్లిపోతారు.

పాడేరు_పసుపు:

మాట్లాడించొద్దు అన్నయ్యా. ఆయన చేతులు తియ్యండి, పెనం తియ్యండి. రసం మీద తేలే మడ్డి తీసేటప్పుడు, ఆ మురికి తేరడానికి బెండ జిగురు వేసేటప్పుడు, పాకం చుక్క నీళ్లల్లో వేసి వేళ్లతో ఉండకట్టి చూసేటప్పుడు. పాటలు పెట్టొద్దు, పెనం ఉడికే చప్పుడే ఉంచండి. రాతలో చెప్పాల్సింది మీరు ఆయన్ని అడిగి కింద రాయండి. నేను మా రైతుల దగ్గర ఎప్పుడూ ఇంతే, పని చేస్తుంటే పక్కన కూర్చుని అడుగుతాను, ఫోన్ జేబులో రికార్డింగ్‌లో ఉంటుంది, ముందే చెప్పి ఒప్పుకుంటేనే.

ఎంవీపీ_వంటిల్లు:

నా పాల ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పలేదు 🙂

చోడవరం_చెరకు:

క్షమించండమ్మా, ఇప్పుడే నాన్నకి ఫోన్ చేసి అడిగాను, ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "పొయ్యి మీద మరుగుతున్న పాలల్లో ఏ బెల్లం వేసినా విరిగే భయం ఉంటాది, దించి కాస్త చల్లారాక వెయ్యమను. నరికిన చెరకు రెండ్రోజులు పడుంటే రసం పులుపు తిరుగుద్ది, ఆ బెల్లం పాలు తొందరగా విరిచేస్తాది. మనం పొద్దున్న నరికింది సాయంత్రం లోపే ఆడేస్తాం, రసానికి సున్నం నీళ్లు కూడా సరిపడా పడతాయి. అయినా సరే, దించాకే వెయ్యమను." అరిసెల సంగతి అడిగితే అమ్మని అడగమన్నారు, ఆదివారం ఊరెళ్తున్నాను, అమ్మతో చేయించి పాకం దగ్గర నుంచీ వీడియో తీస్తాను. అచ్చులు అరకేజీవి మొదటి వంట శుక్రవారం, శనివారం రాత్రికి గాజువాక వస్తాయి, కేజీ రేటు కేటలాగ్‌లో పెట్టాను.

ఎంవీపీ_వంటిల్లు:

నాకు రెండు కేజీలు, మా అప్పకి రెండు, అచ్చులే. శనివారం రాత్రి వద్దు బాబూ, ఆదివారం పొద్దున్న పది తర్వాత పంపించు. నువ్వు ఊళ్లో ఉంటానన్నావు కదా, ఎవరు తెస్తారో వాళ్ల పేరు ముందే మెసేజ్ పెట్టు.