చీలమండ బలం పరీక్ష: చికిత్స మొదలుపెట్టకముందే రీడింగ్ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న – ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) విద్యార్థిని

సీనియర్లందరికీ నమస్కారం. కాలు బెణికినవాళ్లలో చీలమండ కండరాల బలం మీద నా థీసిస్. చేతిలో పట్టుకునే డైనమోమీటర్‌తో ఎవర్షన్, అంటే పాదాన్ని బయటి వైపుకి తోసే బలం కొలుస్తున్నాను. మొదటి రోజు 12 కిలోలు వచ్చిన అమ్మాయికి వారం తర్వాత 14 వచ్చింది. మధ్యలో ఒక్క వ్యాయామం కూడా ఇవ్వలేదు. చాలామందికి ఇదే వరస. పరికరం క్యాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) సరిగానే ఉంది. చికిత్స ఇంకా మొదలుపెట్టలేదు, బాగా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు – ఫిజియోథెరపీ అధ్యాపకుడు

కంగారు పడకమ్మా. ఇందులో ప్రాక్టీస్ ఎఫెక్ట్, అంటే పరీక్షకే అలవాటు పడటం వల్ల వచ్చే పెరుగుదల పాలు కచ్చితంగా ఉంటుంది. వారంలో కండరం పెరగదు, దాన్ని ఎలా వాడాలో మెదడుకు తెలుస్తుంది. పాదాన్ని బలంగా బయటికి తోసే పని రోజువారీ జీవితంలో ఎవరికీ పడదు. మొదటిసారి తొయ్యమంటే తుంటి దగ్గర్నుంచి కాలంతా తిప్పేస్తారు, మోకాలు పక్కకి వాలుతుంది, పాదాన్ని లోపలికి లాగే కండరాలు కూడా అదే సమయంలో బిగుసుకుంటాయి. రెండోసారికి ఆ వృథా తగ్గుతుంది, రీడింగ్ పెరుగుతుంది. నొప్పి వస్తుందేమోనన్న భయం కూడా మొదటి రోజే ఎక్కువ.

అయితే బెణుకు కొత్తదైతే వారంలో కొంత దానంతటదే మానుతుంది కూడా. అందుకే బాగున్న కాలు రీడింగులు చూడు. అక్కడా పెరిగితే అది మానడం వల్ల వచ్చిన పెరుగుదల కాదు.

విద్యార్థిని

రెండు కాళ్లూ కొలిచాను సార్. బాగున్న కాలికీ పెరిగింది, కాకపోతే కాస్త తక్కువ. మొదటి రోజు డేటా పారేయాలా?

అధ్యాపకుడు

పారేయొద్దు. చికిత్సకు ముందే రెండుసార్లు కొలిచావు కదా, మొదటిదాన్ని అలవాటు చేసే సెషన్‌గా, రెండోదాన్ని బేస్‌లైన్‌గా, అంటే తర్వాతి కొలతలను పోల్చే ఆధారంగా తీసుకోవచ్చు. కానీ అందరికీ ఒకేలా చేయాలి, థీసిస్‌లో ఆ మాట దాచకుండా రాయాలి, ముందుగా గైడ్‌కీ ఎథిక్స్ కమిటీకీ చెప్పాలి. చికిత్స లేని గ్రూపును కూడా అవే రోజుల్లో కొలిస్తేనే మిగిలిన ప్రాక్టీస్ ఎఫెక్ట్ విడిగా తేలుతుంది. నా దృష్టిలో అది లేకుండా బలం పెరిగిందని రాయడం రోగులకు అన్యాయం, ఎందుకంటే పని చేయని వ్యాయామం కూడా పని చేసినట్టే కనిపిస్తుంది.

ఇకపై కొలిచే రోజు ముందు సగం బలంతో కొన్నిసార్లు, పూర్తి బలంతో ఒకసారి తోయించు. తర్వాత ఐదేసి సెకన్ల చొప్పున మూడుసార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. మూడోది ఇంకా పెరుగుతూనే ఉంటే నాలుగోది తీసుకో. సగటు రాయాలా, ఎక్కువ వచ్చింది రాయాలా అన్నది మొదలుపెట్టకముందే తేల్చుకో.

క్లినిక్ ఫిజియో

చెల్లీ, కొలిచే మనిషి చేయి కూడా వారంలో అలవాటు పడుతుంది, అదీ చూసుకో. ప్యాడ్ ఆనించే చోట పెన్నుతో గీత పెట్టి, కీలు నుంచి దూరం రాసుకో. 12 సెంటీమీటర్ల దగ్గర 14 కిలోలు చూపించే కాలే 13 సెంటీమీటర్ల దగ్గర 13 కిలోలు చూపిస్తుంది. మోకాలి పైన తొడకు బెల్టు కడితే తుంటి తిప్పడం ఆగుతుంది. పిక్క బలం మాత్రం చేత్తో పట్టి కొలవకు, చాలామంది పిక్కల ముందు మన చేయి ఆగదు. దానికి గోడకు బిగించిన స్టాండ్ కావాలి, లేదంటే ఒంటికాలి మీద మడమ ఎత్తే పరీక్ష పెట్టుకో.