ప్రాగ్ లైబ్రరీ రెసిడెన్సీకి అప్లై చేస్తున్నా, "మా నగరమే ఎందుకు" అన్న పేజీ దగ్గర ఆగిపోయా

కొత్తకాలనీ (కడప):

అందరికీ నమస్తే. ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరుని. కథలు రాస్తాను. రెండేళ్ల కింద ఒక పుస్తకం కూడా వేసుకున్నా. వేసుకున్నా అంటే సొంత డబ్బులతోనే. మూడొందల కాపీల్లో సగం ఇంకా మంచం కిందే ఉన్నాయి, ఊడ్చేటప్పుడు చీపురుకు అడ్డం వస్తుంటాయి.

చెక్ దేశంలో ప్రాగ్ నగర గ్రంథాలయం వాళ్లు బయటి దేశాల రచయితలను పిలిచి రెండు నెలలు అక్కడ ఉంచుకుని రాసుకోనిస్తారు. ఇల్లు, స్టైపెండు వాళ్లే ఇస్తారు. ప్రాగ్‌కు 2014లో యునెస్కో సాహిత్య నగరం గుర్తింపు వచ్చింది, ఆ పనులన్నీ ఈ లైబ్రరీయే చూసుకుంటుంది. ఎవరైనా ఇట్లాంటి వాటికి అప్లై చేసి ఉంటే మూడు సంగతులు చెప్పండి.

ఒకటి, "మా నగరమే ఎందుకు" అని రాయాల్సిన పేజీ. అక్కడ పుట్టిన ఆ పేరుమోసిన రచయిత గురించి, పాత వంతెన గురించి అందంగా రాశాను. మా ఆయన చదివి "ఇది మనమిద్దరం గూగుల్‌లో చదివిందే కదా" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు కానీ, అన్నది నిజమే.

రెండోది, శాంపిల్ కథ అనువాదం. 2020లో గండికోట రిజర్వాయర్‌లో నీళ్లు పెంచినప్పుడు మా పుట్టినూరు మునిగిపోయింది. అందరూ బీరువాలు, మంచాలు ట్రాక్టర్లకు ఎత్తుతుంటే మా అవ్వ గడ్డపార తెప్పించి తలవాకిలి కడప పీకించింది (గడపని మా ఇంట్లో కడప అనే అంటాం). వేపమాను కడప. ఏండ్ల తరబడి పూసిన పసుపు పొరలు పొరలుగా గట్టిపడి, గోరుతో గీకితే పెచ్చులుగా లేచేది. కాలనీలో కట్టుకున్న ఇంటి వాకిలికి నాలుగు వేళ్లు ఎక్కువైంది. కోస్తామంటే ఒప్పుకోలేదు. ఇప్పటికీ వసారాలో గోడకు ఆనించి ఉంటుంది, శుక్రవారం పసుపు దానికే. నా కథంతా ఈ కడప మీదే. ఫ్రెండ్ ఇంగ్లీషు చేసి పంపితే అందులో 'త్రెషోల్డ్' అని ఉంది. ఏదో కరెంటు మీటరు లిమిట్ దాటినట్టు అనిపించింది నాకు. పైగా మా జిల్లా పేరు కూడా అదే మాట అని చదివేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

మూడోది కాగితాలు. పాస్‌పోర్టు లేదు. టెన్త్ మార్కుల లిస్టులో 'కుడ్డపా' అని పాత స్పెల్లింగు, ఆధార్‌లో వైఎస్సార్ జిల్లా. రెండూ ఒకటే ఊరని వాళ్లకు ఎవరు చెప్పాలి!

బురుజుకాడ (కర్నూలు):

అమ్మా, నేను రిటైరైన ఉద్యోగిని. మూడో దానికి మాత్రం చెప్పగలను.

ఊరు పేరు గురించి టెన్షన్ వద్దు. 2005లో ఇంగ్లీషు స్పెల్లింగు మార్చారు, 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు. మీ జిల్లాలో అందరి కాగితాలూ ఇట్లాగే ఉంటాయి, కౌంటర్లో వాళ్లకు ఇది రోజూ చూసేదే. వాళ్లు పట్టుకునేది మీ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నారా? మార్చి ఉంటే ముందు అది చూడండి.

ప్రభుత్వ ఉద్యోగులకు పాస్‌పోర్టుకు ఎన్ఓసీయే (మాకు అభ్యంతరం లేదని ఆఫీసు ఇచ్చే పత్రం) ఉండాలని లేదు. "నేను పాస్‌పోర్టుకు అప్లై చేస్తున్నా" అని ఆఫీసుకు ముందుగా తెలియజేసే లెటర్ ఇచ్చి, ఆ కాపీ పెడితే చాలు. మామూలు 36 పేజీల దానికి ఫీజు 1,500. ఏజెంట్ల దగ్గరికి పోవద్దు.

కానీ దేశం దాటడానికి అనుమతి, సెలవు వేరే. అక్కడే ఉంది తిరకాసు. నేను సర్వీసులో ఉండగా ఒక శిక్షణకు సింగపూర్ పోయే అవకాశం వచ్చింది. ఫైలు ఒక బల్ల మీద మూడు నెలలు పడుకుంది. అడిగితే "మీ ఫైలు మాకు రానే లేదు" అన్నారు. నేను ఇచ్చినట్టు నా దగ్గర ఆధారం లేదు. చివరికి అనుమతి వచ్చింది, శిక్షణ అయిపోయిన పదకొండో రోజు. అందుకని సెలెక్ట్ అయ్యాక చూద్దాంలే అనుకోకండి, ఇప్పుడే అర్జీ పెట్టండి. స్టైపెండు సంగతీ అందులోనే రాయండి, దాచొద్దు.

రెండు నెలలే కాబట్టి షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) షార్ట్ స్టే వీసా సరిపోతుంది, 90 రోజుల వరకు. ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. ఇల్లు, ఖర్చులు మేమే చూస్తాం అని లైబ్రరీ ఇచ్చే ఆహ్వాన పత్రమే అందులో ముఖ్యం.

పద్దులపుస్తకం (ప్రొద్దుటూరు):

అక్కా, ఆ 'త్రెషోల్డ్' పీకేయండి. కడప అనే ఉంచండి ఇంగ్లీషులో కూడా. మొదటిసారి వచ్చినప్పుడు అవ్వ దాన్ని దాటుతున్నట్టో, పసుపు రాస్తున్నట్టో ఒక వాక్యం ఉంటే అదేంటో చదివేవాళ్లకు తెలిసిపోతుంది. ఫుట్‌నోటు మాత్రం వద్దు.

ఇంకోటి, ఒక్కదాన్నే నమ్ముకోకండి. వేల్స్‌లో గ్లాడ్‌స్టన్ లైబ్రరీ ఉంది, నాలుగు సార్లు బ్రిటన్ ప్రధాని అయినాయన పెట్టింది. అక్కడా రచయితలకు రెసిడెన్సీ ఉంది, లైబ్రరీలోనే పడక గదులు. కాకపోతే అది యూకే వీసా, షెంగెన్ పనికిరాదు.

చలికోటు (బ్ర్నో, సొంతూరు మైదుకూరు):

మేడం, మీ పోస్టు చదివి లేచి కూర్చున్నా. నేను చెక్ దేశంలోనే ఉంటున్నా, ఏడేళ్లయింది.

ఇక్కడివాళ్లు ప్రాగ్ అనరు, ప్రహ అంటారు. వాళ్ల భాషలో 'ప్రాహ్' అంటే ఏంటో తెలుసా? గడప!

కథ కూడా ఉంది. లిబుషె అని ఒక రాణి, భవిష్యత్తు చెప్పేది. "అడవిలోకి పోండి, ఒకడు ఇంటికి గడప చెక్కుతుంటాడు, అక్కడ కోట కట్టండి" అందట. అట్లా ప్రహ అయ్యిందని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. మన కడప తిరుమలకు గడప అంటారు కదా, ఇదీ అట్లాంటిదే. ఇంకేం కావాలి మీకు "మా నగరమే ఎందుకు" అంటే?

ఆ లైబ్రరీ నేను చూశాను. లోపలికి పోగానే పుస్తకాలతో పేర్చిన గుండ్రటి బురుజు ఉంటుంది, దాదాపు ఎనిమిది వేల పుస్తకాలు. పక్కన చిన్న సందు. తల పెట్టి చూస్తే కిందా పైనా అద్దాలు, చూసే కొద్దీ పుస్తకాలే, బావి గట్టు మీద నుంచి వంగి చూసినట్టుంటుంది. మా చిన్నోడు చెయ్యి వదలలేదు.

పద్దులపుస్తకం:

బాగుంది కానీ జాగ్రత్త. రాణి కథ ఐతిహ్యం. వాళ్లలోనే కొందరు, నది అడుగున నీళ్లు ఎగిరి దూకే రాతి మెట్లను కూడా అదే మాటతో అంటారనీ, పేరు అట్లా వచ్చిందనీ చెప్తారు. కమిటీ వాళ్లకు ఇవన్నీ తెలుసు. మాట కలిసిందని పేజీ అంతా దాని మీదే నడిపితే చమత్కారం అవుతుంది. అవ్వతో మొదలుపెట్టండి, మాట చివర్లో రానీండి.

చలికోటు:

అది కరెక్టే. ఇంకొకటి మర్చిపోయా. ప్రాగ్ మధ్యలో పారే వల్తవ నది మీద ఎగువన 1950లు, 60లలో వరసగా డ్యాములు కట్టారు, ఊళ్లు మునిగాయి. మోస్త్ అని ఇంకో ఊరిని బొగ్గు కోసం కూల్చేశారు. కానీ 1975లో అక్కడి పాత చర్చిని పట్టాలెక్కించి 841 మీటర్లు అవతలికి జరిపారు, కూల్చకుండా. మీ అవ్వ చేసిందీ అదే కదా, గడ్డపారతో.

బురుజుకాడ:

శ్రీశైలం ముంపులో మాకూ అంతే. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి రాయి రాయి విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. మా ఇల్లు మాత్రం ఎవరూ విప్పలేదు.

కొత్తకాలనీ:

అందరికీ థాంక్స్. రాత్రంతా కూర్చుని కొత్త పేజీ రాశా. మొదటి వాక్యంలో గడ్డపార, చివరి పేరాలో ప్రాహ్. రాణిని ఒక్క వాక్యంతో సరిపెట్టా. పాత వంతెన మొత్తం ఎగిరిపోయింది. మా ఆయన చదివి ఏమీ అనలేదు, కొలత ఎంతో వెయ్యి అన్నాడు. పొద్దున్నే టేపు పట్టుకుపోయి కొలిచా. మూడడుగుల తొమ్మిదంగుళాలు. అవ్వ "మళ్లా కోస్తారా ఏంది" అని కర్ర తీసింది.

అనుమతి అర్జీ రేపు ఆఫీసులో ఇస్తున్నా సార్.

బురుజుకాడ:

రెండు కాపీలు తీసుకుపో అమ్మా. రెండో దాని మీద తేదీతో స్టాంపు వేయించుకునే దాకా ఆ కిటికీ ముందు నుంచి కదలొద్దు.