ఉత్తరంలో ఒప్పుకుంటే చెల్లుతుంది, స్టేషన్‌లో ఒప్పుకుంటే ఎందుకు చెల్లదు?

అరండల్‌పేట జూనియర్:
మా బాబాయ్ అడిగిన దానికి జవాబు చెప్పలేకపోయాను. "యార్డులో వ్యాపారి 'మీకు నాలుగు లక్షలు బాకీ' అని ఉత్తరం రాస్తే కోర్టు తీసుకుంటుంది. అతనే పోలీసులతో 'నేనే పొడిచాను' అంటే తీసుకోదు. రెండూ ఒప్పుకోవడమే కదరా!" నాకూ ఇది అన్యాయమే అనిపిస్తోంది. చనిపోయినవాడి ఇంట్లోవాళ్లకి ఏం చెబుతాం?

బెజవాడ క్రిమినల్ సైడ్:
మొదటిది అడ్మిషన్ తమ్ముడూ, అంటే ఏదో ఒక వాస్తవాన్ని ఒప్పుకోవడం. రెండోది కన్ఫెషన్, అంటే నేరాన్ని ఒప్పుకోవడం. 1939లో పాకాల నారాయణస్వామి కేసు చదువు. పూరీలో రైల్లో ట్రంకు పెట్టెలో పిఠాపురం మనిషి శవం దొరికింది. "అతను మా ఇంటికి వచ్చాడు, పడుకున్నాడు, వెళ్లిపోయాడు" అని నిందితుడు పోలీసులకు చెప్పాడు. అది కన్ఫెషన్ కాదంది ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో లండన్‌లో ఉన్న మన ఆఖరి అప్పీలు కోర్టు. నేరాన్నే ఒప్పుకోవాలి, లేదా నేరానికి కావలసిన వాస్తవాలన్నీ దాదాపుగా ఒప్పుకోవాలి. అయినా దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాట కనక సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 162వ సెక్షన్ కింద దాన్ని పక్కన పెట్టారు.

అరండల్‌పేట జూనియర్:
తేడా తెలిసింది సార్. అసలు ఎందుకు చెల్లదన్నదే నా బాధ.

బెజవాడ క్రిమినల్ సైడ్:
బాకీ ఉత్తరం రాసేవాడి వెనక మామూలుగా లాఠీ ఉండదు. దెబ్బలకు ఒప్పుకున్నవాడు శిక్ష అనుభవిస్తే అసలు హంతకుడు ఊళ్లోనే తిరుగుతాడు. అప్పుడు ఆ ఇంటివాళ్లకి ఏం న్యాయం జరిగినట్టు? పోలీసు అధికారికి చెప్పిన కన్ఫెషన్‌ను నిందితుడి మీద రుజువుగా వాడకూడదన్నది 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23. ఆ అడ్డు తీసేయకూడదని నా గట్టి అభిప్రాయం. పైగా అది పూర్తిగా తలుపు మూయలేదు. 1947 రిపోర్టుల్లో ఉన్న పులుకూరి కోటయ్య కేసు మన గుంటూరు సెషన్స్ నుంచి వెళ్లిందే. ఒక నిందితుడు పోలీసులకు చెప్పినదాంట్లో "ఈటె, కర్ర గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తాను" అన్న ముక్క ఉంచారు. కాపు కాసి కొట్టామన్న ముక్క కొట్టేశారు. ఆ మాటను బట్టి వస్తువు దొరికితే, అది ఎక్కడుందో అతనికి తెలుసన్నంత వరకే సాక్ష్యం.

తెనాలి రిటైర్డ్:
ఇప్పుడు స్టేషన్లలో కెమెరాలున్నాయి కదండీ. ఇంకా 1872 నాటి భయమేనా?

బెజవాడ క్రిమినల్ సైడ్:
కెమెరా ఆన్ చేయకముందు ఏం జరిగిందో కెమెరా చెప్పదండి. నిజంగా ఒప్పుకునేవాడికి మేజిస్ట్రేట్ ఉన్నారు. "నువ్వు చెప్పక్కర్లేదు, చెబితే నీ మీదే వాడొచ్చు" అని ముందే హెచ్చరించాలి.

తెనాలి రిటైర్డ్:
అక్కడ "చెప్పను" అంటే మళ్లీ అదే స్టేషన్‌కి పంపితే?

బెజవాడ క్రిమినల్ సైడ్:
పంపకూడదండి. చెప్పడం ఇష్టం లేదన్నవాణ్ని ఆ మేజిస్ట్రేట్ పోలీసు కస్టడీకి ఇవ్వకూడదు. పాత సీఆర్‌పీసీ 164లోనూ ఉంది, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 183లోనూ ఉంది. జూనియర్, బాబాయ్‌కి ముందు ఇది చెప్పు.