డిస్లెక్సియా ఉన్న పిల్లాణ్ణి ప్రత్యేక ప్రైవేటు స్కూల్లో వేయాలా, ఉన్న బడిలోనే ఉంచాలా?

కూకట్‌పల్లి అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. కథ వింటే పూస గుచ్చినట్టు తిరిగి చెబుతాడు. అదే కథ పుస్తకంలో చదవమంటే రెండు లైన్లు దాటడు. ఇంగ్లీషులో బి, డి తారుమారవుతాయి. తెలుగులో ప, వ ఒకేలా కనబడతాయంటాడు, ఒత్తులు వదిలేస్తాడు. ‘అక్క’ అని చెబితే ‘అక’ అని రాస్తాడు. ట్యూషన్లు మార్చాం. బద్ధకం అనుకుని కొట్టాను కూడా. ఆ మాట ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు.

పోయిన నెల అసెస్‌మెంట్ చేయించాం. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది) ఉంది, తెలివితేటలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి అని రిపోర్టు ఇచ్చారు. స్కూలు వాళ్లేమో ‘మా దగ్గర స్పెషల్ టీచర్ లేరు, ఇలాంటి పిల్లల కోసమే నడిపే స్కూల్లో వేయండి’ అంటున్నారు. అలాంటి ప్రైవేటు స్కూలు ఒకటి చూసొచ్చాం. క్లాసుకి ఎనిమిది మందే. ఫీజు ఇప్పటిదానికి రెండింతల పైమాటే. మా ఆయన వేసేద్దాం అంటున్నారు. నలుగురూ ఏమనుకుంటారో అని మా అత్తయ్య బాధ. నా భయం అది కాదు. ఒకసారి బయటికి తీస్తే వీడు మళ్లీ మామూలు బడిలోకి రాగలడా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇద్దరు పిల్లల నాన్న:
వేయండమ్మా, ఆలోచించకండి. మా పెద్దాడు అలాంటి స్కూల్లో రెండేళ్లు చదివాడు. మొదటి మూడు నెలలు వాళ్లు పాఠ్యపుస్తకమే తెరవలేదు. ఇసుకలో అక్షరం రాయించడం, రాస్తూ ఆ శబ్దం పైకి అనిపించడం, మాటని ముక్కలు చేసి చప్పట్లు కొట్టించడం, ఇదే పని. డబ్బు దండగ చేశానా అని నాకు టెన్షన్ పట్టుకుంది. నాలుగో నెలలో బస్సు మీద బోర్డు తనంతట తనే చదివాడు. అంతకుముందు ప్రతి ఆదివారం సాయంత్రం కడుపునొప్పి అనేవాడు. ఆ నొప్పి మళ్లీ రాలేదు. నలభై అయిదు మంది ఉన్న క్లాసులో ఏ టీచరైనా ఇదంతా చేయగలరా? టీచర్లను నేను తప్పు పట్టడం లేదు, కుదరదు అంటున్నాను.

సర్కారు బడి టీచర్, నల్గొండ జిల్లా:
ఆ మామూలు స్కూలు వాళ్లు అన్న మాట ముందు చూడాలి. ‘మా దగ్గర లేరు, వేరే చోట వేయండి’ అనడం తప్పు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, డిస్లెక్సియా అందులో లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచింది, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలను కూడా చేర్చింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు పిల్లల్లో ఈ ఇబ్బందిని వీలైనంత త్వరగా గుర్తించాలని, దానికి తగ్గట్టు బోధించాలని 16వ సెక్షన్‌లోనే రాశారు. ఒక్కో కుటుంబం సొంత డబ్బుతో బయటికి వెళ్లిపోతుంటే ఆ స్కూలు స్పెషల్ టీచర్‌ని ఎప్పటికి పెట్టుకుంటుంది? రెండింతల ఫీజు కట్టలేని తల్లి ఏం చేయాలి? నా క్లాసులో అలాంటి పిల్ల ఒకతె ఉంది. వాళ్లమ్మ కూలికి వెళుతుంది.

ఇద్దరు పిల్లల నాన్న:
మాస్టారూ, మీరు చెప్పింది న్యాయమే. కానీ అదే చట్టం 31వ సెక్షన్ కూడా చదవండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు హక్కు ఇచ్చింది. అది దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా అంది. అంటే ప్రత్యేక బడి నేరమేం కాదు. చట్టం అమలు కోసం పోరాడదాం, నేనూ వస్తాను. కానీ నా కొడుక్కి తొమ్మిదో ఏడు మళ్లీ రాదు కదా.

సర్కారు బడి టీచర్, నల్గొండ జిల్లా:
మీకు దొరికింది మంచి స్కూలు. అన్నీ అలాగే ఉంటాయా? మా వైపు ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలానికో ప్రభుత్వ భవిత కేంద్రం ఉంది, ఐఈఆర్‌పీలు, అంటే ఆ పిల్లలకు నేర్పే రిసోర్స్ టీచర్లు, వస్తారు. మంచివాళ్లే, కానీ ఒక్కొక్కరు ఎన్ని ఊళ్లు చూసుకోగలరు? ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మా దగ్గర ఆ లెక్క ఎక్కడా కనబడదు. అందుకే నాకింత బాధ.

స్పెషల్ ఎడ్యుకేటర్:
నేను పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మూడేళ్లు అలాంటి ప్రైవేటు స్కూల్లో, ఆ తర్వాత మామూలు స్కూలు రిసోర్స్ రూమ్‌లో, అంటే ఇలాంటి పిల్లలకు విడిగా నేర్పే గదిలో, చేశాను. ఇద్దరూ అన్నది నిజమే కాబట్టి చూసిందే చెబుతాను.

అమ్మా, ‘స్పెషల్ స్కూల్’ అన్న పేరు కింద రెండు వేర్వేరు రకాలు నడుస్తున్నాయి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల చదువు, శిక్షణ వేరు. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ 1984 నుంచి ఆ పనిలో ఉంది. మీ బాబుది అది కాదు. వాడికి కావలసింది చదవడం, రాయడం వేరే పద్ధతిలో నేర్పడం. ఫీజు కోసం అన్ని రకాల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టే స్కూళ్లు నేను చూశాను. అక్కడ డిస్లెక్సియా పిల్లాడు రెండేళ్లు రంగులు వేస్తూ కూర్చుంటాడు. ముందు అది చూడండి. టీచర్లకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, నంబరు చూపించమనండి.

ఇక అసలు ప్రశ్న. ‘పోయిన మూడేళ్లలో మీ దగ్గర నుంచి మామూలు స్కూలుకి తిరిగి వెళ్లినవాళ్లు ఎంతమంది?’ అని అడగండి. చెన్నైలో మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ 1991 నుంచి ఉంది. అక్కడి ‘అనన్య’ కేంద్రంలో పిల్లలు పూర్తిగా అక్కడే కొంతకాలం చదివి, తిరిగి మామూలు బడికి వెళతారు. వెళ్లడమే ఆ పద్ధతిలో ముఖ్యం. అలా కాక పదో తరగతి దాకా ఉంచుకుని ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) పరీక్ష రాయించే స్కూళ్లూ ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్ చెడ్డది కాదు, కొందరికి అదే దారి. కానీ తొమ్మిదేళ్ల పిల్లాడికి ఆ నిర్ణయం ఇప్పుడే ఎందుకు?

తెలుగు సంగతి కూడా చెప్పాలి, దీన్నెవరూ పట్టించుకోరు. ఇంగ్లీషులో అక్షరాలు 26 అయినా ‘పుట్’, ‘బట్’లలో ఒకే అక్షరం రెండు రకాలుగా పలుకుతుంది. తెలుగులో రాసినట్టే పలుకుతాం, కానీ గుణింతాలూ ఒత్తులూ కలిపితే గుర్తుపెట్టుకోవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. రెండు హల్లులు కలిస్తే తర్వాత పలికే హల్లు ఒత్తుగా కిందికి దిగుతుంది. ‘అక్క’లో ఒత్తు వదిలేసే పిల్లాడు బద్ధకస్తుడు కాదు, ఆ శబ్దం రెండుసార్లు పలుకుతోందని వాడికింకా విడిగా వినబడటం లేదు. ఇంగ్లీషు కార్డులు మాత్రమే పెట్టుకున్న స్కూలైతే ఈ పని సగమే చేస్తుంది. తెలుగులో ఎలా నేర్పుతారో చూపించమనండి.

డాలస్ నుంచి:
మా పాపకి ఇక్కడ రెండో తరగతిలో బయటపడింది. మామూలు ప్రభుత్వ బడిలోనే ఉంది. రోజూ అరగంట విడిగా తీసుకెళ్లి నేర్పుతారు, దానికి ఫీజు లేదు. ఏం నేర్పాలో రాతపూర్వకంగా ఒక ప్లాన్ ఉంటుంది, దాన్ని ఐఈపీ అంటారు. బడి సరిగ్గా నేర్పలేదని తల్లిదండ్రులు నిరూపిస్తే ప్రైవేటు స్పెషల్ స్కూలు ఖర్చు కూడా స్కూల్ డిస్ట్రిక్టే భరించాలని ఇక్కడి సుప్రీంకోర్టు 1985, 1993 తీర్పుల్లో చెప్పింది. దానికి లాయర్లతో తిరగాలి, అదీ తేలిక కాదు. ఒక్కటి మాత్రం చూశాను. ఏదైనా రాసి ఉంటేనే అడగగలిగాం.

అలాంటి బడిలో చదివినవాణ్ణి:
నేను నాలుగు నుంచి పది దాకా అలాంటి స్కూల్లోనే ఉన్నాను. చదవడం అక్కడే వచ్చింది. నన్నెవరూ మొద్దు అనలేదు. ఆ రుణం తీర్చుకోలేను. కానీ వీధిలో పిల్లలు ‘ఏ స్కూలురా’ అంటే అబద్ధం చెప్పేవాణ్ణి. ఇంటర్‌లో డెబ్బై మంది ఉన్న క్లాసులో పడ్డాక ‘సార్, మళ్లీ చెప్పండి’ అని అడగడం రాలేదు. ఏడేళ్లు అడగకుండానే మళ్లీ చెప్పారు కదా. మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు పోయాయి. రెండేళ్లు చాలేది నాకు. తిరిగి ఎప్పుడు వెళ్లాలో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇద్దరు పిల్లల నాన్న:
తమ్ముడూ, నీ మాట చదివాక ఆలోచనలో పడ్డాను. మావాడు రెండేళ్లకే రావడం మేం ముందుగా అనుకున్నది కాదు. మాకు బదిలీ అయింది, అంతే.

కూకట్‌పల్లి అమ్మ:
అందరికీ నమస్కారం. నిన్న ఆ స్కూలుకి మళ్లీ వెళ్లాను. ఇద్దరు టీచర్లు రిజిస్ట్రేషన్ నంబర్లు చూపించారు. తెలుగు ఒత్తుల కార్డులు వాళ్లే అట్టముక్కలతో చేసుకున్నారు, చూసి సంతోషమేసింది. తిరిగి వెళ్లినవాళ్ల లెక్క అడిగితే రిజిస్టరు చూసి చెబుతాం అన్నారు. సోమవారం మళ్లీ వెళతాను.

ఇప్పటి స్కూలు ప్రిన్సిపాల్ గారిని రెండేళ్ల తర్వాత సీటు ఇస్తారా అని అడిగితే ‘అలాగేనమ్మా’ అన్నారు, నోటిమాటగానే. మాస్టారూ, కాగితం మీద ఎలా అడగాలి?

సర్కారు బడి టీచర్, నల్గొండ జిల్లా:
ప్రత్యేక బడికి పంపడం నాకు ఇప్పటికీ పూర్తిగా ఇష్టం లేదమ్మా, కానీ నిర్ణయం మీది. అర్జీ రెండు కాపీలు రాయండి. బాబు రిపోర్టు జత చేయండి. 2016 చట్టం 16వ సెక్షన్ ప్రస్తావించి, ఏ విద్యా సంవత్సరంలో ఏ తరగతికి తిరిగి వస్తాడో రాయండి. అప్పటికి స్పెషల్ టీచర్‌ని ఏర్పాటు చేయమని కూడా అడగండి. అది మీ ఒక్కరి కోసం కాదు. సీబీఎస్‌ఈ అయితే డిస్లెక్సియా పిల్లలకు మూడు గంటల పరీక్షకు ఇంకో గంట ఇస్తారు, రాసిపెట్టే సహాయకుణ్ణీ ఇస్తారు, ఆ మాటా చేర్చండి. రెండో కాపీ మీద తేదీ, స్కూలు స్టాంపు వేయించుకుని ఇంట్లో దాచండి. రాశాక ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.