ఇంటిల్లిపాదీ పంచుకునే నావిగేషన్ పరికరం: విడిగా కొనాలా, ఫోనే చాలునా?

ఉప్పల్ వాసి (చర్చ ప్రారంభం)

మా ఇంట్లో రెండు వారాలుగా తెగని విషయాన్ని మీ ముందు పెడుతున్నాను. మా నాన్నగారికి 67 ఏళ్లు, ఇప్పటికీ కారు స్వయంగా నడుపుతారు. కారు ఒకటే, నడిపేవాళ్లం ముగ్గురం: నాన్నగారు, నేను, నా భార్య. కొంపల్లిలో ఉండే మా అక్కాబావలు కూడా దూర ప్రయాణాలకు వెళ్లేటప్పుడు అదే పరికరాన్ని తీసుకువెళతామంటున్నారు.

పోయిన నెల నాన్నగారు శంషాబాద్ దగ్గర ఒక పెళ్లికి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా బయలుదేరారు. ఫోన్‌లో దారి చూసుకుంటూ వెళుతుండగా, సరిగ్గా దిగవలసిన ఎగ్జిట్ దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఫోన్ చేసింది. తెర మీద పటం పోయి కాల్ వచ్చింది. ఆయన దాన్ని తీసేలోపే ఎగ్జిట్ దాటిపోయింది. ఔటర్ మీద వెనక్కి తిరిగే వీలు ఉండదు కాబట్టి తరువాతి ఎగ్జిట్ దాకా వెళ్లి, అక్కడ దిగి, మళ్లీ ఎక్కి, ముహూర్తం దాటాక చేరారు. ఆ రోజు నుంచి ఆయన, దారి చూపడం తప్ప వేరే పని లేని పరికరం ఒకటి ఇంటికి కావాలంటున్నారు. చేతిలో ఫోన్ ఉండగా అది వృథా ఖర్చని బావగారు అంటున్నారు. మాకిది మొదటి కొనుగోలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మాదాపూర్ ఉద్యోగి

బావగారి మాటే సరైనదని నా అభిప్రాయం. హైదరాబాదులో ఏ దారిలో వెళ్లాలో అందరికీ తెలుసు. ఈ పూట ఆ దారి ఎలా ఉందన్నదే తెలియదు. సాయంత్రం ఆరున్నరకు సైబర్ టవర్స్ నుంచి బయటపడే మనిషికి పనికివచ్చే సమాచారం అదే. విడి పరికరంలో ఉన్న పటం అమ్మేనాటికి గీసినది. దాన్ని ఫోన్‌కు కలిపితే తప్ప రద్దీ గురించి దానికి తెలియదు. మూసీకి వరద వచ్చినప్పుడు మూసారాంబాగ్ వంతెన మీద రాకపోకలు ఆపేసిన సందర్భాలు మనం చూశాం. నెట్‌తో సంబంధం లేని పరికరం అలాంటి రోజున కూడా నిస్సంకోచంగా ఆ వంతెన మీదికే పంపుతుంది.

పెళ్లినాటి ఇబ్బందికి కారణం కాల్ రావడం. నడిపేటప్పుడు కాల్స్ తెర మీదికి రాకుండా ఫోన్‌లోనే అమర్చుకోవచ్చు. అందుకోసం వేల రూపాయలు పెట్టనక్కరలేదు.

నల్లమల బాటసారి

మాదాపూర్ మిత్రులు చెప్పినది నగరం వరకు నిజం. నేను ఏడాదికి ఐదారు సార్లు శ్రీశైలం వెళతాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక దోమలపెంట దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగే దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలో వాహనాలను వదలరు కాబట్టి, సాయంత్రం ఆలస్యంగా బయలుదేరినవారికి ఎంత దూరం మిగిలింది, గేటు మూసేలోపు దాటగలమా అన్న లెక్క చాలా అవసరం. ఒకసారి మా వాళ్ల ఫోన్‌లో నీలి చుక్క కదులుతూనే ఉంది, దాని చుట్టూ మాత్రం బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ లేవు.

అలా ఎందుకు జరుగుతుందో చాలామందికి తెలియదు. మనం ఎక్కడ ఉన్నామో చెప్పేవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, సిమ్ కార్డుతోగాని నెట్‌తోగాని పని లేదు. నెట్ కావలసింది పటానికి. విడి పరికరంలో దేశమంతటి పటం లోపలే ఉంటుంది, ఫోన్‌లో ముందుగా దించుకుంటేనే ఉంటుంది. దించుకోవడం గుర్తుపెట్టుకునేది ఎవరు? మీ ఇంట్లో అది నాన్నగారు కాకపోతే, ఆయన ఒంటరిగా వెళ్లిన రోజున ఆ పటం ఫోన్‌లో ఉండదు.

సైనిక్‌పురి విశ్రాంత అధికారి

చట్టం సంగతి ఒక్కటి చెబుతాను. మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ 2020 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం వాహనం నడుపుతున్నప్పుడు చేతిలో పట్టుకునే పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, ఏకాగ్రత చెదరని విధంగా వాడాలి. ఫోనైనా విడి పరికరమైనా స్టాండు మీద స్థిరంగా ఉండాలి, గమ్యాన్ని బండి కదలకముందే వేసుకోవాలి.

తార్నాక కోడలు

మా ఇంట్లో ఒకే పరికరాన్ని మూడు కార్లలో ఆరేళ్లు పంచుకున్నాం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఏది కొనాలో తేల్చుకునే ముందు, ఎవరు ఎంచుకోవాలో తేల్చుకోండి. మేము చేసిన తప్పు అక్కడే జరిగింది. సాంకేతిక విషయాలు బాగా తెలుసునని మా మరిదికి ఎంపిక అప్పగించాం. అతను తెచ్చినదానిలో సదుపాయాలకు లోటు లేదు, కాని తెర నాలుగున్నర అంగుళాలైనా లేదు. మామయ్యగారు నడిపేటప్పుడు పెట్టుకునేవి దూరపు చూపు అద్దాలు. స్టీరింగ్ వెనక నుంచి చేయి చాచినంత దూరంలో ఉన్న ఆ చిన్న తెర మీద వీధి పేర్లు ఆయనకు మసకగా కనబడేవి. చదవడానికి ముందుకు వంగేవారు. ఆ వంగిన రెండు క్షణాలూ రోడ్డు మీద చూపు లేనట్టే. పక్కన కూర్చున్న నాకు ఆ రెండు క్షణాలు ఎలా గడిచేవో మాటల్లో చెప్పలేను. ఏడాది తిరిగేసరికి ఆయన దాన్ని వాడటం మానేశారు. ఎవరి కోసం కొన్నామో వారికే అక్కరకు రాలేదు.

అందుకే దుకాణానికి నాన్నగారిని తీసుకువెళ్లండి. ఆయన నడిపేటప్పుడు పెట్టుకునే అద్దాలే పెట్టుకుని, పరికరాన్ని చేయి చాచినంత దూరంలో ఉంచి చదవాలి. గమ్యాన్ని ఆయనే తన వేళ్లతో వేయాలి, మీరు పక్కన నిలబడి చూడండి, సాయం చేయకండి. ఆయన ఎక్కడ ఆగిపోతే అక్కడే రేపు రోడ్డు మీద కూడా ఆగిపోతారు.

వేయించవలసిన గమ్యాలు కూడా ముందే అనుకుని వెళ్లండి. మన ఊళ్లో ఇంటి నంబరుతో ఇల్లు దొరకదు. వార్డు, బ్లాకు, బై నంబర్లతో సాగే మన చిరునామాలు చాలా పరికరాలకు అంతుపట్టవు. మనం చెప్పుకునే గుర్తులు వేరు. అత్తాపూర్‌లో ఉన్నవారు ఇంటికి రమ్మంటే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబుతారు. లకడీకాపూల్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు. ఒక్క అక్షరం తేడా వస్తే ఆ ఊరే లేదనే పరికరాన్ని అక్కడే వదిలేయండి. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 అని వేసి, ఎన్ని నొక్కులకు దొరికిందో లెక్కపెట్టండి.

పటం వయసు తెలుసుకోవడానికి దుకాణదారుడి మాట అవసరం లేదు, నగరమే చెబుతుంది. దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు, కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1న, ఆరాంఘర్–జూపార్క్ ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరిచారు. ఈ మూడింటినీ వరుసగా వెతకండి. మూడోది కనబడకపోతే పటాన్ని వెంటనే నవీకరించాలి. మొదటిది కూడా లేకపోతే ఆ పెట్టె ఏళ్ల తరబడి అరలోనే ఉన్నదని అర్థం. పటం నవీకరణ జీవితకాలం ఉచితమా, ఏటా డబ్బు కట్టాలా అన్నది బిల్లు మీద రాయించుకోండి. మేము అడగలేదు. రెండేళ్ల తరువాత నవీకరణకు చెప్పిన ధర విని వెనక్కి తగ్గాం. ఆ తరువాత కొత్త ఫ్లైఓవర్ ఎక్కినప్పుడల్లా అది మమ్మల్ని కింది రోడ్డు మీదే ఉన్నట్టు చూపుతూ, లేని మలుపులు తిరగమనేది.

పాత పరికరం ఎవరైనా తక్కువకు ఇస్తామంటే తొందరపడకండి. జీపీఎస్ సంకేతంలో వారాల లెక్క 1,024 వారాలకు ఒకసారి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్‌లో అలా జరిగినప్పుడు, సాఫ్ట్‌వేర్ సరిచేయని పాత పరికరాలు తేదీని తప్పుగా చూపాయి, కొన్ని చేరే సమయాన్ని కూడా సరిగా లెక్కించలేకపోయాయి. ఆరుబయట ఆన్ చేసి ముందు తేదీ చూడండి.

పంచుకోవడంలోని చిక్కులు కొన్న తరువాతే తెలుస్తాయి. పరికరం ఎవరు ఎక్కడికి వెళ్లారో దాచుకుంటుంది. తరువాత వాడినవారికి అవన్నీ కనబడతాయి. మా ఇంట్లో ఒకరి ఆసుపత్రి రాకపోకలు, వారు ఇంకా ఎవరికీ చెప్పకముందే, అలా బయటపడ్డాయి. అందరి ముందూ కంటతడి పెట్టుకోవలసి వచ్చింది వారికి. పరికరాన్ని చేతులు మార్చే ముందు పాత గమ్యాలు తుడిచేయడం మర్యాదగా పెట్టుకోండి. ‘ఇల్లు’ అన్న మీట వెనక అసలు ఇంటి స్థానం కాకుండా దగ్గరి కూడలిని ఉంచండి. పరికరం దొంగ చేతికి చిక్కితే, ఆ మీట నొక్కగానే వాడు మీ గుమ్మం ముందుంటాడు, మీరు ఊళ్లో లేరన్న సంగతీ వాడికి తెలుసు. కారు దిగేటప్పుడు స్టాండు కూడా తీసి, అద్దం మీద మిగిలిన గుండ్రటి మరకను తుడవండి.

మే నెలలో దాన్ని కారులో వదలకండి. మా దాని బ్యాటరీ ఎండకు ఉబ్బి వెనక మూత విచ్చుకుంది. అలాగని నెలల తరబడి అల్మారాలో కూడా ఉంచకండి. అన్ని ఉపగ్రహాల వివరాల పట్టిక పూర్తిగా అందుకోవడానికి 12.5 నిమిషాలు పడుతుంది. ఫోన్ దాన్ని నెట్ నుంచి తెచ్చుకుంటుంది, ఈ పరికరం ఆకాశం కేసి చూస్తూ కాచుకోవాలి. బయలుదేరే ఘడియలో తీసి ఆన్ చేస్తే సందు చివర దాకా మీరు ఎక్కడున్నారో దానికి తెలియదు.

మాదాపూర్ ఉద్యోగి

తార్నాక సోదరి రాసినది చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. నాన్నగారికి కాల్స్ రాని తెర ఒకటి కావాలన్నది న్యాయమే. అయితే అది కొత్తగా కొనవలసినదేనా? ఇంట్లో పక్కన పెట్టిన పాత ఫోన్ ఒకటి ఉంటుంది కదా. సిమ్ తీసేసి, ఇంటి వైఫైతో తెలంగాణ, ఆంధ్ర పటాలు దించి, కారుకే అంకితం చేయండి. కాల్ రాదు, ఖర్చు లేదు, పటం కొత్తగానే ఉంటుంది. విడి పరికరాలు దుకాణాల్లో తగ్గిపోతున్న ఈ రోజుల్లో, నాలుగేళ్ల తరువాత వాటికి నవీకరణ వస్తుందని ఎవరు పూచీ పడతారు?

నల్లమల బాటసారి

పాత ఫోన్ మంచి ఆలోచనే, కాని రెండు విషయాలు గమనించండి. దించుకున్న పటాలకు గడువు ఉంటుంది, అప్పుడప్పుడు వైఫై తగలకపోతే అవి చెరిగిపోతాయి. ఇక ఎండ. మధ్యాహ్నం ముందు అద్దానికి ఆనించిన ఫోన్ వేడెక్కి తెర మసకబారడం, ఆ తరువాత తనంతట తానే ఆగిపోవడం నేను కల్వకుర్తి దగ్గర చూశాను. ఏసీ గాలి తగిలే చోట స్టాండు పెడితే కొంత మేలు.

ఉప్పల్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. తార్నాక సోదరి చెప్పినట్టే ఎంపికను నాన్నగారికి వదిలేసి, ఆదివారం రెండింటినీ పరీక్షించాం. నా పాత ఫోన్‌ను సిమ్ తీసి సిద్ధం చేశాను. బావగారి సహోద్యోగి ఒకరు తన ఏడంగుళాల పరికరాన్ని ఒక పూటకు ఇచ్చారు. ఉప్పల్ నుంచి వరంగల్ దారిలో ఘట్‌కేసర్ వెళ్లి, ఔటర్ ఎక్కి, కొంపల్లి దాకా నాన్నగారే నడిపారు. నేను వెనక సీట్లో మాట్లాడకుండా కూర్చున్నాను.

వెళ్లేటప్పుడు ఫోన్ పెట్టాం. గమ్యం వేయడానికి ఆయనకు నాలుగు నిమిషాలు పట్టింది, కీబోర్డు అక్షరాలు ఆయన వేలి కింద కనబడలేదు. మేడ్చల్ దిక్కు ఎగ్జిట్ దగ్గర ఆయన ముందుకు వంగడం నేను చూశాను. తార్నాక సోదరి రాసిన ఆ రెండు క్షణాలు అవే. తిరిగి వచ్చేటప్పుడు పెద్ద తెర పెట్టాం. ఎగ్జిట్‌కు రెండు కిలోమీటర్ల ముందు ఒకసారి, అయిదు వందల మీటర్ల ముందు ఒకసారి రోడ్డు మీద ఏ వరసలో (లేన్‌లో) ఉండాలో చూపే బొమ్మ తెర సగం మీద వచ్చింది. ఆయన వీపు సీటుకు ఆనే ఉంది. అయితే తెలుగు గొంతు యంత్రంలా ఉందని, ఊళ్ల పేర్లు తప్పుగా పలుకుతోందని ఆయనకు నచ్చలేదు. ఫోన్‌లోని తెలుగే నయమన్నారు.

చివరికి ఏడంగుళాలదే కొంటున్నాం, నవీకరణ ఉచితమని బిల్లు మీద రాసి ఇచ్చే దుకాణంలోనే. రద్దీ సంగతి బయలుదేరే ముందు ఇంట్లో ఎవరో ఒకరం ఫోన్‌లో చూసి చెబుతాం. నగరంలో తిరిగేటప్పుడు నేనూ నా భార్యా ఫోన్‌నే వాడతాం, ఆ విషయంలో మాదాపూర్ మిత్రుల మాటకు ఎదురు లేదు. పాత ఫోన్ బావగారికి ఇచ్చాను. పటాలు దించి, గడువు ఎప్పుడు తీరుతుందో అక్క కాలెండర్ మీద రాయించాను. ‘ఇల్లు’ మీట వెనక ఉప్పల్ కూడలిని పెడతాను.