వాటర్ కలర్స్‌లో నీడలు మరకలు కడుతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. నలభై దాటాక, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఆరు నెలలుగా బొమ్మలు వేస్తున్నాను. పెన్సిల్‌తో పర్వాలేదు. 1713లో కట్టిన మా కోట బురుజు గీస్తే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టారు, నాకదే గొప్ప! రంగు దగ్గరికొచ్చేసరికే టెన్షన్. రాతిగోడ నీడకి నీలం, బర్న్ట్ సియన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపి వేస్తాను. సగం ఆరాక సరిచేయబోతే కింది రంగు లేచిపోయి మరకలు కడుతోంది. డ్రాయింగ్ పుస్తకంలో కాగితం ఉబ్బుతోందని 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) మందపాటి కాగితం కొన్నాను. ఉబ్బడం తగ్గింది, మరకలు మాత్రం అలాగే ఉన్నాయి. తప్పు నీళ్ల పాళ్లలోనా, నా తొందరలోనా? పూర్తి కాటన్ కాగితం ఖరీదెక్కువ. నాలాంటివాడికి ఇప్పుడే అవసరమా? ఈ ఉక్కలో పొరకీ పొరకీ మధ్య మీరెంతసేపు ఆగుతారు?